ఇలారియో సీటు

"సీటు జరపకు," అంది అత్తయ్య.

వసారా గుమ్మంలో నిలబడి, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, రోజూ అనే మాటే. నేను జరపనని ఆమెకు తెలుసు. అయినా కారు తలుపు తీసిన చప్పుడైతే చాలు, పొయ్యి మీద ఏమున్నా వదిలేసి వచ్చి ఆ మాట అని వెళ్తుంది. నేనూ రోజూ చేసే పనే చేశాను. సోఫా మీద నుంచి తెచ్చుకున్న దిండు ఒకటి వీపు వెనక, ఇంకోటి నడుం వెనక కుక్కుకుని, సీటు అంచుకి జరిగి కూర్చున్నాను. అప్పుడు గాని నా మునివేళ్ళు బ్రేకుకి అందవు. నా భర్త ఇలారియో పొడగరి. నేను అతని భుజం దాకా కూడా వచ్చేదాన్ని కాదు. అతను పోయి రెండేళ్ళు కావస్తున్నా అతని కాళ్ళ పొడవు మాత్రం ఆ సీటుకీ పెడళ్ళకీ మధ్య ఖాళీగా అలాగే ఉండిపోయింది. ఆ ఖాళీలో వేలాడుతూ నేను మా హలాపా ఊరి వీధుల్లో కారు నడుపుతున్నాను.

నేను కట్టుడు పళ్ళు చేస్తాను. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు పేర్చి, డబ్బాల్లో పెట్టి, ఎవరి డబ్బా వాళ్ళకి అందిస్తాను. ఇంటి వెనక ఒకప్పుడు కోళ్ళు పెంచిన గదే నా పనిగది. పెళ్ళై వచ్చిన కొత్తలో దాన్ని కడిగి, సున్నం వేసి, బల్ల వేసుకున్నాను. "మా కోడలు ఖాళీగా కూర్చోలేదు, ఏదో కాలక్షేపం," అని అత్తయ్య పక్కింటివాళ్ళతో చెప్పేది. ఆ కాలక్షేపంతోనే ఇంటి కరెంటు, గ్యాసు, ఆమె మోకాళ్ళ మందులు, చివరికి ఈ కారు వాయిదాలు కూడా వెళ్ళేవి. కారు ఇలారియో పేరు మీద, వాయిదాలు నా పళ్ళ మీద. నీళ్ళ ఆఫీసులో వచ్చే జీతం ఎటు పోతోందని అడిగితే, "మగాడికి బయట నాలుగు ఖర్చులుంటాయి ఓతీ," అని నవ్వేవాడు. నా పేరు ఓతీలియా. అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

కారు నడపడం నాకు ఇలారియో నేర్పలేదు. పెళ్ళికి చాలా ముందే, పెరోతే కొండల్లో మా నాన్న పాల లారీ నడిపాను. ఆ పొగమంచులో పగలు కూడా దీపాలు వేసుకుని, కిటికీలోంచి తల బయట పెట్టి, రోడ్డు అంచు వెతుక్కుంటూ, క్యాన్లు ఒరగకుండా ఊరూరా తిరిగేదాన్ని. ఈ ఇంటికి వచ్చాక అదొక హాస్యం అయింది. కొత్త కారు వచ్చిన రోజు చుట్టాలందరూ చూడ్డానికి వచ్చారు. నేను తాళం చెవి కోసం చెయ్యి చాపితే ఇలారియో దాన్ని జేబులో వేసుకుని, "ఇది పాల లారీ కాదమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇంకా నా మొహం మీద ఎక్కడో ఎండిపోయి అంటుకుని ఉందనిపిస్తుంది, ప్లాస్టర్ అంటుకున్నట్టు. అతను బతికుండగా ఆ స్టీరింగ్ ఒక్కసారి కూడా నా చేతికి రాలేదు. డబ్బాలు సంచిలో పెట్టుకుని, వానలో గొడుగు పట్టుకుని, బస్సుల్లోనే తిరిగాను. "బస్సు ఇంటి ముందే ఆగుతుంది కదా, పెట్రోలు దండగ," అనేవాడు. తనకి ఆఫీసు నడిచివెళ్ళేంత దూరంలోనే ఉండేది.

ఒక శనివారం పొద్దున, చినుకులు పడుతుంటే, బన్నులు తెస్తానని వెళ్ళాడు. మా వెనక వీధిలో దోన్యా చాయో అనే పెద్దావిడ బేకరీ ఉంది. దాని ముందు కారు ఆపాడు గానీ దిగలేదు. ఇంజను ఆగలేదు, వైపర్లు ఆడుతూనే ఉన్నాయి. ఎవరి కోసమో ఎదురు చూస్తున్నాడనుకున్నారు అందరూ. చాలాసేపటికి దోన్యా చాయో వచ్చి అద్దం మీద తట్టింది. ఆసుపత్రిలో డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. అది ఒక్క దెబ్బకి ఆగిన గుండె కాదట, నొప్పి మొదలై కొంతసేపు ఉండి ఉంటుందట, ఆ కాసేపట్లో తీసుకొచ్చి ఉంటే బతికేవాడేమోనట.

ఆ కాసేపూ నేను పనిగదిలో గ్రైండరు మీద ఎవరిదో పన్ను అరగదీస్తున్నాను. ఫోను పక్కనే ఉంది. అది మోగలేదు. తర్వాత ఎన్నిసార్లు తీసి చూసుకున్నా అతని నంబరు కనబడలేదు. వెనక వీధి. పరుగెత్తితే ఆయాసం వచ్చేలోపే చేరిపోతాను. నన్నెందుకు పిలవలేదు? గ్రైండరు మోతలో నాకు వినబడదనుకున్నాడా? అద్దం దించి కేకేశాడేమో, అది ఇంటి దాకా వచ్చి గోడకి తగిలి పోయిందేమో. ఆ రోజు నుంచి గ్రైండరు వేసిన ప్రతిసారీ మధ్యలో ఆపి వింటాను. ఏమీ ఉండదు. కాలవలో నీళ్ళ చప్పుడు, పక్కింటి రేడియో. మళ్ళీ వేస్తాను. మళ్ళీ ఆపుతాను. నాకు పిల్లలు లేరు. ఉంటే వాళ్ళ గోలలో ఈ వినడం మర్చిపోయేదాన్నేమో.

కారుని ఇంటికి తెచ్చి వాకిట్లో పెట్టించింది అత్తయ్య. తన పెళ్ళినాటి తెల్ల దుప్పటి ఒకటి తీసి దాని మీద కప్పింది. ఏడాది మైల అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదంది. నేను తుడవబోతే, "ముట్టుకోకమ్మా, వాడి చేతులు ఇంకా దాని మీదే ఉన్నాయి," అంది. ఏడాదంతా ఆ దుప్పటి వానకి తడుస్తూ, ఎండకి ఆరుతూ, అంచుల్లో నాచు పట్టి, వాకిట్లో ఒక సమాధిలా ఉండేది. బట్టలు ఆరేయడానికి దాన్ని చుట్టి వెళ్ళాలి. ఎప్పుడూ నేనే చుట్టి వెళ్ళేదాన్ని.

ఆ ఏడాది మధ్యలో ఒకసారి కారు కొన్న షోరూం నుంచి ఫోనొచ్చింది. అత్తయ్యే తీసింది. వారంటీ గడువు దగ్గర పడిందనీ, ఒకసారి బండి తీసుకొస్తే అన్నీ చూసి, ఏమైనా పాడైతే ఉచితంగా మార్చేస్తామనీ, తర్వాతైతే ఖర్చవుతుందనీ ఆ అమ్మాయి చెప్తోంది. చేతుల నిండా ప్లాస్టర్‌తో నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"ఓనరు ఇంట్లో లేడమ్మా," అంది అత్తయ్య. "రాగానే చెప్తాను."

ఫోను పెట్టేసి నా వైపు చూసింది, ఏమైనా అంటావా అన్నట్టు. నేను తీసుకెళ్తాను అత్తయ్యా, అనాలనుకున్నాను. నోట్లోంచి ఆ మాట రాలేదు. నా చెవిలో పాల లారీ అని ఎవరో నవ్వారు.

ఏడాది తిరిగాక అత్తయ్య దుప్పటి తీసి, ఉతికి, మడిచి దాచింది. ఇక కారు తిరగాలంది, "అలాగే నిలబెడితే ప్రాణం పోతుంది దానికి," అంది. ముందు మా బావగారు నబోర్‌ని పిలిచింది. ఇలారియోకి అన్న, మా వీధి చివరే ఇల్లు, బాగా లావుపాటి మనిషి. తలుపు తీసి కూర్చోబోయి, పొట్ట స్టీరింగ్‌కి తగిలితే సీటు వెనక్కి జరపడానికి కిందకి చెయ్యి పెట్టాడు. అత్తయ్య ఆ చెయ్యి పట్టేసుకుంది. "అది వాడు కూర్చున్న సీటురా. వాడు ఎక్కడ పెట్టుకున్నాడో అక్కడే ఉండాలి." అలా అయితే నా వల్ల కాదని నబోర్ దిగిపోయాడు. అతని భార్య లుక్రేసియాకి డ్రైవింగ్ రాదు. అందరూ అప్పుడు నా వైపు చూశారు. ఇన్నేళ్ళ తర్వాత నా పాల లారీ వాళ్ళకి పనికొచ్చింది.

ఆ రోజు నుంచి నేను ఇంటి డ్రైవర్ని. ఆదివారం అత్తయ్యని శ్మశానానికి, మంగళవారం మోకాళ్ళ డాక్టరు దగ్గరికి, లుక్రేసియాని సంతకి, నబోర్ సిమెంటు సంచుల్ని వాళ్ళ ఇంటికి. నా డబ్బాలు వీటి మధ్యలో ఎక్కడో. అత్తయ్య ఎప్పుడూ వెనక సీట్లోనే, డ్రైవరు సీటు వెనకే కూర్చునేది. తల ఆనుకునే ఆ దిండు వంక చూస్తూ కూర్చునేది. నా తల దాని దాకా వచ్చేది కాదు గనుక ఆమెకి నేను కనబడేదాన్ని కాదు. సాయంత్రాలు కారు వాకిట్లో ఆగి ఉన్నప్పుడు కూడా వెళ్ళి వెనక సీట్లో కూర్చుని మాట్లాడేది. లుక్రేసియా బీన్సులో ఉప్పెక్కువ వేసిందనీ, గ్యాసు మళ్ళీ పెరిగిందనీ. మధ్యలో ఆగేది, అవతల ఎవరో జవాబు చెప్తున్నట్టు. వంటింట్లో రొట్టెలు కాలుస్తూ నేను వినేదాన్ని. నవ్వుకోవాల్సింది నేను. నవ్వు రాలేదు. ఎందుకంటే నాతో కూడా అతను మాట్లాడేవాడు.

ఇది ఎవరికీ చెప్పలేదు. దిండ్లు కుక్కుకుని కూర్చోగానే మొదలయ్యేది. "మెల్లగా. అంత గట్టిగా తొక్కకు. కుడివైపు చూడు. అదిగో, చెప్పానా, ఆ బస్సువాడు మీదకొస్తున్నాడు. నీ చేతులు పళ్ళకే పనికొస్తాయే." పక్క సీట్లోంచి కాదు, నా వీపు వెనక నుంచి, ఆ దిండ్లకి అవతల నుంచి. అతని ఒళ్ళో కూర్చుని నడుపుతున్నట్టుండేది. భయమేసేది. కానీ ఇంకో మాట కూడా చెప్పాలి. ఒక్కోసారి దిగాక ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేక మళ్ళీ వెళ్ళి కూర్చునేదాన్ని. తిట్టినా అతని గొంతే కదా. ఇంకాసేపు వింటే, ఎందుకు పిలవలేదో ఎప్పుడో నోరుజారి చెప్పేస్తాడేమోనని ఒక ఆశ.

ఆ పొద్దున, మొదట చెప్పిన పొద్దున, పెరోతేలో ఒక డాక్టరుకి డబ్బాలు ఇవ్వడానికి నేను బయల్దేరుతుంటే, అత్తయ్య తనూ అంత దూరం వస్తానంది. కారుని ఒంటరిగా అంత దూరం పంపడం ఇష్టం లేదంది. నేను కూడా వెళ్తున్నానన్న సంగతి ఆమె లెక్కలో లేదు. కొండ సగం ఎక్కేసరికి మంచు దిగింది. దీపాలు వేశాను. ఇంకో మలుపు తిరిగాక కారు ఒక్కసారి ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు ఆగింది. మళ్ళీ కదిలింది. ఇంజను గొంతు పెంచుతోంది గానీ చక్రాలు తిరగడం లేదు. పక్కకి తీసి ఆపాను.

"గేర్లు పాడు చేశావు," అన్నాడు వెనక నుంచి. "చెప్పాను కదా."

ఇంజను ఆపాను. అప్పుడు నిజంగానే వెనక నుంచి ఒక గొంతు వినబడింది. అత్తయ్యది.

"ఏమైంది నాన్నా?" అంటోంది మెల్లగా. "రాబుద్ధి కావడం లేదా? ఆవిడ సరిగ్గా తోలడం లేదా?"

అద్దాల చుట్టూ తెల్లటి మంచు. మేమిద్దరం, మా మధ్యలో అతను. నేను అద్దం దించి, తల బయటపెట్టి గాలి పీల్చుకున్నాను. పైన్ చెట్ల వాసన, ఎక్కడో ఆవుల మెడ గంటలు. నా చిన్నప్పటి వాసన అది. వెనక్కి తిరిగి అన్నాను, "అత్తయ్యా, గేర్ బాక్సు పోయినట్టుంది. క్రేను పిలవాలి."

షోరూంలో గాజు బల్ల వెనక కూర్చున్న మనిషి నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు.

"సారు రాలేదా?"

"చనిపోయారు."

"అయ్యో. మరి బండి ఎవరు నడుపుతున్నారు?"

"నేనే."

"ఓహో," అన్నాడు. ఆ ఒక్క మాటలో రోగం ఏమిటో తెలిసిపోయినట్టు. తర్వాత వివరంగా చెప్పాడు. ఏడాది కదలకుండా ఉండటం వల్ల లోపల రబ్బరు సీళ్ళు ఎండిపోయాయి, ఆయిలు కారిపోయింది, ఆ ఎండు గేర్ల మీదే ఇన్నాళ్ళు నడిచింది. మొత్తం మార్చాలి. వారంటీ ఉండగా తెచ్చి ఉంటే పైసా ఖర్చు లేకుండా అయ్యేది. ఇప్పుడైతే కారు కొన్నదాంట్లో సగం అవుతుంది. "మేం ఫోన్ చేశాం కూడా మేడం. ఓనరు ఇంట్లో లేరన్నారట." చాలా మర్యాదగా అన్నాడు.

ఆదివారం భోజనాల దగ్గర నబోర్ పంచాయితీ పెట్టాడు. షోరూం వద్దు, మా పేటలో మేస్త్రి లినో ఉన్నాడు, పాత గేర్ బాక్సు విప్పి కొత్త సామాను వేసి కడతాడు, తక్కువలో అవుతుంది అన్నాడు. తక్కువంటే తక్కువేం కాదు. అమ్మేద్దాం అన్నాను. పళ్ళెంలో చెంచాలు ఆగిపోయాయి.

"ఏం అమ్ముతావమ్మా?" అంది అత్తయ్య. "వాణ్ణా?"

"కారునత్తయ్యా."

"ఒక పిల్లో పిల్లాడో ఉంటే అది వేరు. వాడు మిగిల్చింది ఇదొక్కటే." ఆ మాట తగలాల్సిన చోటు తగిలిందో లేదో చూసుకుని మళ్ళీ చెంచా ఎత్తింది.

"నీ దగ్గర డబ్బులున్నాయి కదా ఓతీ," అన్నాడు నబోర్, రొట్టె తుంచుతూ. "ఆ కొలిమి కోసమని దాచుకున్నవి. అదేం పారిపోదు. వచ్చే ఏడాది కొనుక్కుందువు."

పింగాణీ పళ్ళు కాల్చే కొలిమి. అదుంటే డాక్టర్లు రాజధానికి పంపే పని నా దగ్గరికే వస్తుంది. దాని కోసం ఎన్ని ఆదివారాలు పనిగదిలో కూర్చున్నానో. బావగారూ, మీ సిమెంటు మోసింది కూడా ఈ కారే కదా, మీరెంత వేస్తారు అని అడగొచ్చు. అడగలేదు. ఇచ్చేశాను. అత్తయ్య కోసం ఇచ్చానని అందరూ అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. నిజం చెప్పాలంటే కారు లేని ఆ వారంలో అతని గొంతు నాకు ఎక్కడా వినబడలేదు. అతను అందులోనే ఉండిపోయాడు. అందులోంచి ఒక జవాబు నాకు రావాల్సి ఉంది.

కారు మేస్త్రి దగ్గర ఉన్నన్నాళ్ళూ అత్తయ్య సరిగ్గా తినలేదు. వాకిట్లో కారు ఆగే చోట, ఆయిలు మరక పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేది. మాట్లాడేది కాదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో అప్పగించిన మూటని కాపలా కాస్తున్నట్టు. కాఫీ తీసుకెళ్ళి ఇస్తే తాగేది. ఒకసారి కప్పు అందుకుంటూ నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. "వాడు..." అంది. ఆగిపోయింది. "పంచదార తక్కువైంది," అంది తర్వాత.

బాగయిందని కబురొస్తే వెళ్ళాను. మేస్త్రి లినో పొట్టి మనిషి. ఎప్పుడూ గుమ్మడి గింజలు నములుతూ, అడిగినదానికి సగం జవాబు చెప్తాడు. చెప్పినదానికన్నా బిల్లు కాస్త పెంచాడు, ఎందుకని అడిగితే కొంత సామాను ఇక్కడ దొరక్క బయట నుంచి తెప్పించానన్నాడు. నేను బేరమాడాను. కాస్త తగ్గించాడు. "ఒకసారి తిప్పి చూసుకోండి," అని తాళం ఇచ్చాడు.

దిండ్లు చంకలో పెట్టుకుని తలుపు తీశాను. కూర్చున్నాను. వీపు సీటుకి ఆనింది. కాలు పూర్తిగా బ్రేకు మీద వాలింది. ఒక్క క్షణం అర్థం కాలేదు.

"సీటు జరిపారా మేస్త్రీ?"

"మరి నాకెలా అందుతుంది?" అన్నాడు, గింజ తొక్క ఉమ్ముతూ.

వెనక్కి జరపడానికి చెయ్యి కిందకి పెట్టాను. తర్వాత తీసేశాను. మేస్త్రి గేటు తీసి నిలబడ్డాడు, పోనిచ్చాను. పేట చుట్టూ తిరిగాను. వాలు వీధి దిగి, సంత పక్క నుంచి పైకెక్కి. కారు నీళ్ళలో చేపలా పోతోంది. నడుం నొప్పి లేదు. స్టీరింగ్ నా ఛాతీకి సరిగ్గా ఎంత దూరం ఉండాలో అంత దూరంలో ఉంది. ఎదురుగా బస్సు వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. కుడివైపు చూడమని ఎవరూ చెప్పలేదు. నేనే చూసుకున్నాను. దిండ్లు పక్క సీట్లో పడి ఉన్నాయి, బస్సులో నిద్రపోయే మనుషుల్లా. నాకు ఏడుపొచ్చింది. అతను పోయినందుకా, పోయినందుకు హాయిగా ఉన్నందుకా, తెలియలేదు.

వాకిట్లోకి రాగానే అత్తయ్య కుర్చీలోంచి లేచింది. నేను దిగేదాకా కూడా ఆగలేదు, అద్దంలోంచి చూసింది. నా తల సీటుకి ఆని కనబడింది ఆమెకి, మొట్టమొదటిసారి. మొహం తెల్లబోయింది.

"ఏడీ?" అంది. "వాడేడీ?"

తలుపు తీసి, నన్ను బయటకి లాగి, సీటు అంచు రెండు చేతులతో తడిమింది. ఆమె గొంతులోంచి వచ్చిన శబ్దం ఏడుపు కాదు, చిన్నపిల్ల దారి తప్పినప్పుడు పెట్టే ఒక మూలుగు. లుక్రేసియా పరిగెత్తుకొచ్చింది. నబోర్ వచ్చాడు. మేస్త్రిని నాలుగు తిట్లు తిట్టి, నన్ను రెండు తిట్టి, సీటు వెనక్కి తోశాడు. "ఇక్కడే కదమ్మా ఉండేది?" "కాదురా, ఇంకొంచెం." "ఇక్కడా?" "ఇంకా ముందుకి. కాదు కాదు, వెనక్కి." సీటు కిర్రుమంటూ ముందుకీ వెనక్కీ జరుగుతోంది, ప్రతి కిర్రుకీ అత్తయ్య ఉలిక్కిపడుతోంది. చివరికి అందరూ నా వైపు తిరిగారు.

"నీకు తెలుసుండాలి ఓతీ," అన్నాడు నబోర్. "రోజూ కూర్చునేదానివి నువ్వే కదా. చెప్పు, ఎక్కడుండేది?"

నాకు తెలుసు. నా వీపుకి తెలుసు, మునివేళ్ళకి తెలుసు. కళ్ళు మూసుకుని అదే గాడిలో పెట్టగలను. ముగ్గురూ చూస్తున్నారు.

"గుర్తు లేదు," అన్నాను.

నబోర్ విసుక్కుని వెళ్ళిపోయాడు. సీటు ఎక్కడో మధ్యలో ఉండిపోయింది, ఎవరికీ చెందని చోట. ఆ సాయంత్రం అత్తయ్య కారులోకి వెళ్ళలేదు.

మర్నాడు మధ్యాహ్నం పనిగదిలోకి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె ఆ గడప దాటి లోపలికి రావడం నేనెరగను. ముక్కాలి పీట మీద కూర్చుని, బల్ల మీద వరసగా పేర్చిన పళ్ళని చూసింది. నేను గ్రైండరు ఆపలేదు.

"నీకు గుర్తుంది," అంది.

"అవునత్తయ్యా."

కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఒక మైనపు ముక్క తీసుకుని వేళ్ళ మధ్య నలపడం మొదలుపెట్టింది.

"ఆ రోజు వాడు నాకు ఫోన్ చేశాడు."

గ్రైండరు ఆపాను. గది ఒక్కసారిగా ఖాళీ అయింది.

"ఏ రోజు?"

"ఆ రోజే. బేకరీ ముందు నుంచి. అమ్మా, గుండెల్లో పట్టేసినట్టుంది, చెయ్యి లాగుతోంది, కాసేపు కూర్చుని వస్తా అన్నాడు. కదలకు నాన్నా, ఓతీని పంపుతాను, ఆసుపత్రికి తీసుకెళ్తుంది అన్నాను." మైనం ఆమె వేళ్ళలో పల్చగా అయిపోయింది. "నవ్వాడు. అంత నొప్పిలోనూ నవ్వాడమ్మా. ఓతీ చేతికి కారా, దానికన్నా ఈ నొప్పే నయం అన్నాడు. దానికి చెప్పకు అన్నాడు."

ఏడాదిగా నా వీపు వెనక మాట్లాడుతున్న గొంతు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. సాయంత్రాలు ఆ వెనక సీట్లో కూర్చుని, ఉప్పూ గ్యాసూ మాట్లాడుతూ, మధ్యలో ఆగిపోయినప్పుడు ఈవిడ ఏం అడుగుతుండేదో ఇప్పుడు తెలిసింది.

"మీరు నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నేను గోడ అవతలే ఉన్నాను కదా అత్తయ్యా. మీరు వంటింట్లో ఉన్నారు, నేను ఇక్కడ. ఒక్క కేక వేస్తే..."

తల ఎత్తకుండానే అంది:

"వాడికి కోపమొస్తుందని."

ఆమె చేతులు చూశాను. మందుల కోసం రోజూ నేను నీళ్ళు అందించే చేతులు. ఆ ఇంట్లో నాకన్నా ముందు నుంచి, భర్త కోపానికీ తర్వాత కొడుకు కోపానికీ కాఫీ వెచ్చబెడుతూ వచ్చిన చేతులు. ఆమెను ఓదార్చాలని గానీ, ఒక మాట అనాలని గానీ నాకు అనిపించలేదు. పీట మీద నుంచి లేవలేకపోతుంటే మాత్రం చెయ్యి ఇచ్చాను.

మర్నాడు పొద్దున తొందరగా లేచాను. లుక్రేసియా సంతకి వెళ్ళాలని ముందే చెప్పి ఉంచింది. ఇవాళ కుదరదని కబురు పంపాను. వాకిట్లో కారు తలుపు తీసి, కింద కమ్మీ ఎత్తి, నాకు ఎంత కావాలో అంత ముందుకి లాక్కున్నాను. అత్తయ్య గుమ్మంలో నిలబడే ఉంది. ఏమీ అనలేదు.

వెనక వీధిలోకి తిప్పి దోన్యా చాయో బేకరీ ముందు ఆపాను. అదే చోటు. రెండేళ్ళుగా ఆ వీధి తప్పించి తిరిగాను. చినుకులు మొదలయ్యాయి, వైపర్లు వేశాను. లోపల నుంచి దోన్యా చాయో నన్నూ కారునీ చూసి, చేతిలో గిన్నెతో అలాగే నిలబడిపోయింది. పాపం, ఆవిడ భయపడుతోందని దిగి వెళ్ళాను. అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్నులు రెండు కాగితంలో చుట్టించుకున్నాను. "బాగున్నావా తల్లీ?" అంది. బాగానే ఉన్నానన్నాను.

వచ్చి కూర్చుని, పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క సీటు వైపు చూశాను. అక్కడ అతన్ని కూర్చోబెట్టాను, మనసులో. చెయ్యి లాగుతోంది, నుదుటి మీద చెమట. వస్తున్నాం, ఇంకాస్తే, అన్నాను పైకే. బయల్దేరాను. వీధి చివర ఎడమకి, వాలు మీదుగా కిందకి, స్కూలు ముందు మెల్లగా, సంత దగ్గర కూరగాయల బండి అడ్డొస్తే హారను కొట్టి, దీపం ఎర్రబడకముందే దాటి, పార్కు గోడ పక్కనుంచి మళ్ళీ పైకి. నా చేతులు వణకలేదు. మంచులో పాల లారీ తోలిన చేతులు, ఒక్క క్యాను ఒరగనివ్వని చేతులు. మలుపు తిరగ్గానే పెద్దాసుపత్రి ఎర్ర అక్షరాలు కనబడ్డాయి. అత్యవసర విభాగం తలుపు ముందు, అంబులెన్సులు ఆగే చోట, మెత్తగా ఆపాను.

ఒళ్ళో బన్నులు ఇంకా కాలుతున్నాయి. కాగితం లోంచి వేడి నా తొడలకి తెలుస్తోంది.

కాపలా మనిషి గొడుగు వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. పక్క సీటు తలుపు తెరిచి, లోపలికి వంగి, ఖాళీ సీటు చూసి, నా వైపు తిరిగాడు.

"పేషెంటు ఏరమ్మా?"

"లేరు బాబూ," అన్నాను. "నన్ను పిలవలేదు."